ఫోనులోని బొమ్మ యేల నిలిచిపోవును?



శ్రీహరికోటనుండి రాకెట్టు లేచు దినమున సూళ్లూరుపేట మేడలమీద నిలిచి చూచువారికి ఒకే వార్త మూడు పర్యాయములు చేరును. మొదట వచ్చునది వెలుగు. తూర్పున పులికాటు సరస్సునకు ఆవల లేచిన అగ్నిశిఖ కంటబడుటకు కాలమే పట్టదు. తరువాత వచ్చునది ధ్వని. ప్రయోగవేదిక ఈ యూరికి ఇరువది కిలోమీటర్లకు పైచిలుకు దూరమున నున్నది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే నడచును గనుక ఆ గర్జన చెవి సోకుటకు ఇంచుమించు ఒక నిమిషము పట్టును. ఈ రెంటి నడుమ, ఒక్కొక్కప్పుడు రెంటికిని వెనుక, మూడవ వార్తాహరుడు వచ్చును. అది చేతిలోని ఫోను. రాకెట్టు మబ్బులలో దూరిన పిమ్మటగూడ ఫోనులో "పది, తొమ్మిది, ఎనిమిది" అని లెక్క నడచుచునే యుండును. పిల్లలు నవ్వుదురు. మరికొన్ని ఫోనులలో ఆ లెక్కయు సాగక, బొమ్మ మసకబారి, నడుమ నొక చిన్న చక్రము గిరగిర తిరుగుచుండును.

ఫోనుకు వచ్చు వార్తయు చాలవరకు గాజుతీగలలో వెలుతురు రూపముననే ప్రయాణము చేయుచున్నది. అట్లయ్యును అది యేల వెనుకబడవలెను? ఏల నిలిచిపోవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే నా ప్రసంగమునకు ఉద్దేశము. ఇది వేడుకకు సంబంధించిన ముచ్చట మాత్రము కాదు. నేడు పల్లెలోని రోగి పట్టణపు వైద్యునితో మాటలాడుట, బిడ్డల పాఠములు, తుపాను వార్తలు, బ్యాంకు వ్యవహారములు, సర్వమును ఆ దారినే నడచుచున్నవి. ఆ దారి ఎప్పుడు, ఎందుచేత మూసికొనిపోవునో గ్రామమున పెద్దరికము వహించినవారు తెలిసికొనియుండుట మంచిదని నా తలంపు.

ముందుగా బొమ్మ బరువెంతయో చూతము. ఫోనులో కదలు బొమ్మ నిజమునకు కదలదు. సినిమాలో వలెనే, ఒకదానికొకటి కొంచెము భేదముగల నిశ్చలపటములు సెకనుకు 25 చొప్పున కంటియెదుట మారుచుండును. కన్ను వానిని కలుపుకొని చలనమని భ్రమించును. ఒక్కొక్క పటము ముగ్గువలె చుక్కలతో నేర్పడినది. నేడు మేలైనదనిపించుకొను పటమున అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. మొత్తము 20,73,600. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు కావలయును. బిట్టనగా "ఔను, కాదు" అను రెండు మాటలలో ఒకటి. యంత్రమునకు తెలిసిన భాష అంతియే. ఈ లెక్కన సెకనుకు 124 కోట్ల 41 లక్షల 60 వేల బిట్లగును. ఇంత బరువును ఉన్నదున్నట్లు పంపవలసివచ్చినచో సామాన్యముగా మన యిండ్లకు వచ్చు తీగ యేదియు చాలదు. కాని వాస్తవముగా వచ్చుచున్నది సెకనుకు 50 లక్షల బిట్లకు అటునిటు. అనగా ఇన్నూట యేబది పాళ్లలో ఒక పాలు మాత్రమే దారిని నడచుచున్నది. తక్కిన పాళ్లన్నియు ఏమైనవి?

వానిని బయలుదేరుచోటనే కుదించివేయుదురు. ఈ కుదింపునకు ఉపాయములు రెండు. మొదటిది కంటి బలహీనతను ఆశ్రయించినది. ఆకాశమును చూపు పటములో పొరుగు చుక్కలన్నియు ఇంచుమించు ఒకే రంగు; వేయి చుక్కలకు వేయిమారులు "నీలము" అని చెప్పనక్కరలేదు. పటమును ఎనిమిదేసి చుక్కల చదరములుగా కోసి, ప్రతి చదరమునందును రంగు మెల్లగా మారు పాలెంత, గబగబ మారు పాలెంత అని గణితముచే విడదీసి, కంటికి ఆనని సూక్ష్మభేదములను వదలివేయుదురు. ఈ గణితమును 1974లో ప్రకటించినవారు మువ్వురు: బెంగుళూరున పుట్టిన నాసిర్ అహమ్మదు, ఆయన శిష్యుడు టి. నటరాజన్, మిత్రుడు కామిశెట్టి రామమోహనరావు. రామమోహనరావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమున 1952లో ఇంజనీరింగు పట్టమును పొంది, అమెరికాకు పోయి, టెక్సాసు రాష్ట్రపు ఆర్లింగ్టనులోని విశ్వవిద్యాలయమున చిరకాలము ఆచార్యత్వము నెరపి 2021లో గతించిరి. ఇందొక విశేషము గలదు. ఈ యూహను పరిశోధించుటకు ధనసహాయము కోరుచు అహమ్మదుగారు 1972లో పెట్టిన దరఖాస్తును అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ త్రోసిపుచ్చినది; మరీ సులువైన సంగతిగా వారికి తోచెనట. ఆ సులువైన సంగతియే నేడు ఫోనులలోని ఛాయాచిత్రములకును, చలనచిత్రములకును పునాదిగా నున్నది. మన పెరుగు చిలికి వెన్న తీసినవారిలో కామిశెట్టివారి పేరొకటి యున్నదని తెలుగువారిలో పెక్కుమందికి తెలియకపోవుట నాకు వింతగా నుండును.

రెండవ యుపాయము ఉత్తరములు వ్రాయువారందరికి తెలిసినదే. నిన్న వ్రాసిన సంగతిని నేడు మరల వ్రాయరు. మారినది మాత్రమే వ్రాయుదురు. అట్లే, కొన్ని సెకనులకొకమారు ఒక నిండుపటమును పంపి, ఆ పిమ్మట వచ్చు పటములలో వెనుకటిదానికిని దీనికిని గల తేడాను మాత్రమే పంపుదురు. వార్తలు చదువు వ్యక్తి వెనుకనున్న గోడ కదలదు గనుక గోడనుగూర్చి మాటలేదు. పెదవులు, కనురెప్పలు మాత్రమే మారినవని చెప్పినచో చాలును. అందుచేత నిండుపటము మిక్కిలి బరువు, తేడాపటములు తేలిక. బండ్లవరుసలో ఒక పెద్దబండి, దాని వెనుక పెక్కు చిన్నబండ్లు, మరల పెద్దబండి, ఇట్లు సాగును ఆ ఊరేగింపు.

ఇచట నిలిచి ఆలోచింపవలసిన సంగతి యొకటి యున్నది. కుదించిన బొమ్మ కాలువలో నీరువలె సమముగా పారదు. కదలిక లేనప్పుడు సన్నని ధారగా వచ్చును. దృశ్యము మారినప్పుడు పొంగును. మన రాకెట్టునే తీసికొనుడు. ప్రయోగమునకు ముందు గంటసేపు వేదికమీద తెల్లని స్తంభమువలె నది నిలిచియుండును. చెట్లు కదలవు, కట్టడము కదలదు. ఆ సమయమున దారిలో నడచు బిట్లు స్వల్పము. లెక్క సున్నకు వచ్చినంతనే నిప్పు, పొగ, ఆవిరి ఒక్కుమ్మడి చెలరేగును. పొగలో నిన్నటి చుక్క నేడుండదు. క్షణక్షణమును ప్రతి చుక్కయు మారుచుండును. తేడా పంపుదమన్న పటమంతయు తేడాయే. కుదింపు యంత్రమునకు పొగ, నీటితుంపర, గాలికి ఊగు చేను, ఇవి మిక్కిలి కష్టమైన శత్రువులు. కావున బొమ్మకు మిక్కిలి విశాలమైన దారి కావలసిన క్షణమేదియో, లోకమంతయు ఆ బొమ్మను చూడగోరు క్షణమును అదియే. ఈ రెండును కలిసివచ్చుట యాదృచ్ఛికము కాదు. కదలిక యున్నచోటనే గదా మనుష్యుని దృష్టి నిలుచును.

ఇక దారిసంగతి. బిట్లన్నిటిని చిన్నచిన్న పొట్లములుగా కట్టి పంపుదురు. ఒక్కొక్క పొట్లము సామాన్యముగా 1,500 అక్షరములు పట్టునంతటిది. దానిమీద చేరవలసిన చిరునామా యుండును. దారులు కలిసిన ప్రతి కూడలియందును రౌటరను పెట్టె యొకటి కూర్చుండి, వచ్చిన పొట్లముమీది చిరునామా చూచి తగిన దారిని త్రోయుచుండును. ఒకేమారు ఎక్కువ పొట్లములు వచ్చినచో ఏమి చేయును? దానికొక చెరువు గలదు. వచ్చినవానిని అందు నిలువజేసి, తూముగుండ వదలినట్లు ఒకటొకటిగా వదలును. చెరువు నిండినచో ఏమగునో నెల్లూరుసీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు: కలుజు పొర్లును. అట్లు పొర్లిన పొట్లములు నష్టమైపోయినవే. పంపినవాడు వానిని మరల పంపవలయును. నిండుపటమునకు చెందిన పొట్లము పోయినచో నష్టము మరింత ఎక్కువ. తరువాతి తేడాపటములన్నియు దానిని నమ్ముకొనియున్నవి గదా. అది తిరిగి చేరువరకు బొమ్మ నిలువవలసినదే. గిరగిర తిరుగు చక్రము చెప్పు సంగతి యిదియే.

"అందరి బొమ్మలును ఒకేసారి పొంగవు. ఒకరిది పొంగునప్పుడు మరియొకరిది తగ్గును. వేలకొలది కలిసినప్పుడు హెచ్చుతగ్గులు సరిపడి సమముగా నుండవా?" అని మీరడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనది. టెలిఫోను తీగలు వేసిన తొలికాలపు శాస్త్రజ్ఞులు ఇట్లే తలంచిరి. డెన్మార్కు దేశీయుడు ఎర్లాంగు 1909 మొదలు ప్రకటించిన లెక్కలు దీనిమీదనే ఆధారపడినవి. మాటలకు అవి చక్కగా సరిపోయెను. కాని 1989 మొదలు 1992 వరకు అమెరికాలోని బెల్‌కోర్ సంస్థవారు కంప్యూటర్ల నడుమ నడచు పొట్లములను ఓపికతో లెక్కించి చూడగా వేరొక స్వరూపము కనబడినది. సెకను చొప్పున చూచినను, నిమిషము చొప్పున చూచినను, గంట చొప్పున చూచినను పొంగులు పొంగులుగానే కనబడెను. కలిపినకొలదియు సమమగుటకు బదులు పొంగులు పొంగులను తోడుతెచ్చుకొనుచున్నవి. 1994లో గారెట్టు, విల్లింగరు అను నిరువురు "స్టార్ వార్స్" అను రెండుగంటల సినిమానంతయు కుదించి, పటముపటమునకు బరువు కట్టి, కుదించిన చలనచిత్రముయొక్క గుణమును ఇట్టిదేయని తేల్చిరి. యుద్ధము జరుగు ఘట్టమున బరువు హెచ్చి, చాలసేపు హెచ్చుగనే యుండును. ఇరువురు కూర్చుండి మాటలాడు ఘట్టమున తగ్గి, చాలసేపు తగ్గియే యుండును.

ఈ గుణమును కొలుచుటకు వారు వాడిన కొలమానము ఎచటిదో వినిన మీకు ఆశ్చర్యము కలుగును. అది కంప్యూటర్లనుండి పుట్టినది కాదు, నదినుండి పుట్టినది. హరాల్డు హర్‌స్టు అను ఆంగ్లేయుడు ఐగుప్తుదేశమున నైలునదిమీద ఆనకట్టల నిమిత్తము జీవితకాలమంతయు పనిచేసెను. కైరోవద్ద రోడాద్వీపమున నదిమట్టమును క్రీ. శ. 622 మొదలు శతాబ్దములతరబడి వ్రాసియుంచిన లెక్కలు అతనికి లభించినవి. నీటిసమృద్ధిగల సంవత్సరములు గుంపుగను, కరవు సంవత్సరములు గుంపుగను వచ్చుచున్నవనియు, సగటు ననుసరించి జలాశయము కట్టినచో అది చాలదనియు అతడు 1951లో ప్రకటించెను. చెరువుక్రింద సేద్యము చేసినవారికి ఈ సంగతి నైలునది చెప్పవలసిన పనిలేదు. పదేండ్ల సగటు వాన యెంతయో చూచి కట్ట కట్టువాడు ఏదో యొక యేట కట్ట తెగుటను చూచును. మరి నాలుగేండ్లు వరుసగా చెరువు ఎండుటను చూచును. ఆ హర్‌స్టుగారి పేరిటి సంఖ్యతోనే నేడు ఇంటర్నెట్టు ప్రవాహమును కొలుచుచున్నారు. కంపెనీవారు "మీకు సగటున ఇంత వేగము" అని చెప్పినప్పుడు ఈ సంగతిని గుర్తుంచుకొనవలయును. సగటు నిజమే కావచ్చును. కాని రాకెట్టు లేచు నిమిషమున వచ్చునది సగటు కాదు.

పొంగు వచ్చినప్పుడు పంపువాడు తగ్గకపోయినచో ఏమగునో 1986 అక్టోబరులో ఒకమారు తేలినది. కాలిఫోర్నియాలో రెండు సంస్థల నడుమ దూరము 400 గజములు. వాని నడుమ సెకనుకు 32,000 బిట్లు నడువవలసిన దారిలో 40 బిట్లు మాత్రమే నడచినవి. దారి తెగలేదు, అందరును పోయిన పొట్లములను మరల మరల పంపుటచే దారియంతయు పునరుక్తితో నిండిపోయినది. వాన్ జాకబ్‌సన్ అనునతడు దీనిని పరిశీలించి 1988లో ఒక పద్ధతిని ప్రకటించెను. పంపువాడు మెల్లగా మొదలిడి క్రమముగా వేగము పెంచుకొనవచ్చును. పొట్లము పోయినదని తెలిసినంతనే వేగమును ఒక్కమారు తగ్గించుకొనవలెను. పైనుండి ఆజ్ఞాపించు తహసీలుదారుడెవ్వడును లేడు. ఎవరికి వారు వెనుదీయుటచేతనే ఇంటర్నెట్టు నేటికిని నిలిచియున్నది.

ఫోనులో బొమ్మ చూపు యంత్రాంగమును ఇట్టి వినయమునే కొంతవరకు నేర్చినది. ఒకే దృశ్యమును ఐదారు మెట్లుగా, అనగా మసకబొమ్మ మొదలు మేలిబొమ్మ వరకు, వేర్వేరు బరువులతో ముందే కుదించి, ఒక్కొక్కదానిని కొన్ని సెకనుల తునుకలుగా కోసి యుంచుదురు. ఫోను ఒక తునుకను తెప్పించుకొని, అది యెంత త్వరగా వచ్చినదో చూచి, త్వరగా వచ్చినచో పైమెట్టును, ఆలసించినచో క్రిందిమెట్టును అడుగును. బొమ్మ హఠాత్తుగా మసకబారి మరల తేటపడుట యందుచేతనే. కొన్ని తునుకలను ముందుగా తెచ్చి నిల్వజేసికొని, ఆ పిమ్మట చూపుట మొదలిడును. ఈ నిల్వయు, కుదించుటకు పట్టు కాలమును కలిసి ఇరువది, ముప్పది సెకనులగుట సామాన్యము. రాకెట్టు మబ్బులలో దూరిన తరువాత ఫోను పది, తొమ్మిది యని లెక్కించుటకు కారణము తెలిసినది గదా. ఫోను సోమరి కాదు. చెరువులో నీరు పట్టియుంచుకొని పారించుచున్నది.

ఐతే ఈ యంత్రాంగమునకు పొరుగువాని సంగతి తెలియదు. ఒకే కాలువమీద ఇరువురు రైతులున్నారనుకొనుడు. మొదటివాడు తన మడి నిండగానే తూము మూసికొనును. ఆ సమయమున రెండవవాడు కాలువ చూచి, "నీరు సమృద్ధిగా నున్నది, రెండు మళ్లకు పెట్టవచ్చును" అని తలంచును. ఇంతలో మొదటివాడు మరల తూము తెరచును. ఇద్దరికిని చాలదు. ఇద్దరును బెదరి తగ్గుదురు. తగ్గినంతనే నీరు మిగిలినట్లు కనబడును. ఇద్దరును మరల ఎక్కుదురు. ఒకే యింట ఇద్దరు ముగ్గురు వేర్వేరు ఫోనులలో బొమ్మలు చూచునప్పుడు అందరి బొమ్మలును ఊగిసలాడుట మీరు చూచియుందురు. దారి ఇరుకు మాత్రమే దీనికి హేతువు కాదు. ఒకరి విరామము మరియొకరికి సమృద్ధిగా కనబడుటయు హేతువే.

నాకు ముఖ్యమని తోచిన విషయమునకు వచ్చితిని. సినిమా చూచువానికి నిల్వ గలదు. అర నిమిషము దారి మూసికొన్నను అతనికి తెలియకుండనే జరిగిపోవును. కాని ఇరువురు మనుష్యులు ముఖాముఖి మాటలాడునప్పుడు నిల్వ యెక్కడిది? రేపటి మాట నేడు పట్టియుంచుటకు వీలులేదు. మాట పలికిన పిమ్మట అవతలివానికి చేరుటకు సెకనులో ఆరేడవ వంతుకన్న ఎక్కువ పట్టినచో సంభాషణ తడబడుట మొదలిడును. ఈ-సంజీవని ద్వారా పల్లెలోని ఆరోగ్యకేంద్రమున కూర్చున్న వృద్ధురాలు దూరమునున్న వైద్యునితో తన ఆయాసమునుగూర్చి చెప్పుచున్నదనుకొనుడు. అదే టవరుక్రింద, అదే తీగమీద నలుగురు కుర్రవారు క్రికెట్టు చూచుచున్నారు. వారి ఫోనులు తునుకలను పెద్దపెద్ద గ్రుక్కలుగా త్రాగును. ఆ గ్రుక్కల పొట్లములు కూడలిలోని చెరువును నింపివేయును. వృద్ధురాలి మాటలు మోయు చిన్న పొట్లములు వాని వెనుక వరుసలో నిలువవలయును. క్రికెట్టు బొమ్మ అందముగనే నడచుచుండును. వైద్యునకు మాత్రము రోగి మాట ముక్కలుముక్కలుగా వినబడును. బొమ్మ కలిగించిన రద్దీకి శిక్ష ననుభవించునది బొమ్మ చూచువాడు కాడు, వేచియుండలేనివాడు.

ఈ కూడలి చెరువులు పెద్దవైనచో మేలగునని మనకు తోచును. అది పొరపాటు. పొట్లములు పొర్లిపోవని తయారుచేయువారు పెట్టెలలో పెద్ద చెరువులు కట్టిరి. తత్ఫలితముగా పొట్లము పోదు, కాని సెకనులకొలది వరుసలో మురుగుచుండును, పొట్లము పోవనందున పంపువానికి రద్దీ తెలియదు, తెలియనందున తగ్గడు. దాదాపు 2011 ప్రాంతమున జిమ్ గెట్టిస్ అను ఇంజనీరు ఈ దోషమును లోకమునకు చాటెను. మరుసటి యేడే జాకబ్‌సన్, క్యాథలీన్ నికొల్సుతో కూడి, పొట్లములు వరుసలో నిలిచిన కాలమునుబట్టి, చెరువు నిండకమునుపే కొన్నిటిని వదలివేయు పద్ధతిని ప్రకటించెను. ముందుగా కొంచెము పోగొట్టుటచే అందరికిని హెచ్చరిక చేయుట దాని భావము.

ఇంకొక మూలము గలదు, దీనిని మన దేశపు ఉదాహరణముతోనే చెప్పుదును. 2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు చంద్రయానము చంద్రుని దక్షిణధ్రువమునకు చేరువ దిగినది. ఆ నౌక జూలై 14న మన శ్రీహరికోటనుండియే లేచినది. ఆ దిగుటను ఇస్రోవారి యూట్యూబు ప్రసారమున ఒకేసారి చూచినవారి సంఖ్య 80 లక్షలకు మించినది. ఒక్కొక్కరికి సెకనుకు 20 లక్షల బిట్లే అనుకొన్నను, మొత్తము సెకనుకు 16 లక్షల కోట్ల బిట్లు. ఏలన, ఇంటర్నెట్టుమీద సామాన్యముగా ప్రతివానికిని బొమ్మ ప్రత్యేకముగా పంపవలసినదే. చూచువారు రెట్టింపైనచో బరువును రెట్టింపగును. దీనిని మోయుటకు నగరనగరమునందును నకళ్లు నిల్వయుంచి, దగ్గరి నిల్వనుండి పంచుదురు. ఆ యేర్పాటుచే దేశపు పెద్దదారులు తేలికపడును. కాని నగరమునుండి మన యూరికి, ఊరినుండి టవరునకు, టవరునుండి ఫోనునకు గల చివరి దారి ఎప్పటివలె ఇరుకే. ఆంధ్రదేశమున విద్యుత్తు స్తంభములమీదుగా గాజుతీగలను లాగి, 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి కోవిందుగారిచే ప్రారంభింపబడిన ఫైబరునెట్టు పథకము ఈ చివరి దారిని వెడల్పు చేయు ప్రయత్నమే.

రేడియో స్వభావము దీనికి విరుద్ధము. 1938 జూన్ 16న మదరాసు రేడియోకేంద్రము ప్రారంభమైన నాడు వినువారు నూరుగురైనను, తరువాత లక్షలైనను, కేంద్రమునకు ఖర్చయిన విద్యుత్తు ఒక్కటే. తరంగము ఎవరెందరు విన్నారని అడుగదు. టెలివిజనును ఇట్లే. 1975 ఆగస్టు మొదలు ఒక యేడాది అమెరికావారి ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు బొమ్మలు ప్రసారము చేసిరి. వానిలో మన ఆంధ్రగ్రామములును కలవు. పంచాయతీ చావడిముందు ఊరంతయు కూర్చుండి చూచినను, ఒక్కడు చూచినను ఉపగ్రహమునకు భారములేదు. దానికి బదులు వీక్షకునికి స్వేచ్ఛలేదు. వారు పంపినది, వారు పంపిన గంటకు చూడవలసినదే. కోరిన బొమ్మను కోరిన వేళకు చూచు స్వేచ్ఛకు మనము చెల్లించు మూల్యమే ఈ రద్దీ.

రద్దీ భయము ఎంతవరకు వచ్చినదో 2020 మార్చిలో చూచితిమి. దేశమంతయు ఇండ్లలో బందీయైన ఆ దినములలో పాఠములు, కచేరిపనులు, వినోదములు ఒక్కసారి ఫోనులమీద పడినవి. 24వ తేదీన బొమ్మలు పంచు పెద్ద కంపెనీలవారు కూడి, ఏప్రిల్ 14 వరకు మొబైలు దారులలో 480 మెట్టుకు మించిన బొమ్మను పంపమని ఒప్పుకొనిరి. ఇచట మెట్టు సంఖ్య నిలువున నుండు చుక్కల వరుసలు. 1,080నుండి 480కి దిగినచో చుక్కలు ఐదింట ఒకవంతుకు తగ్గును. 

ఆ పని కంపెనీవారు చేయువరకు వేచియుండ నక్కరలేదు. బొమ్మ క్రిందనుండు సెట్టింగులలో మెట్టును మన చేతితోనే 360కో, 480కో నిలుపవచ్చును. రాత్రి జనము నిదురించు వేళ పాఠములను దింపుకొని పగలు చూడవచ్చును. ఆరోగ్యకేంద్రమునకు టవరుమీద ఆధారపడకుండ తీగను తెప్పించుట పంచాయతీ పెద్దలు చేయదగిన పని. టవరు విషయమున మరియొక సంగతి గలదు. టవరు తన కాలమును తనక్రింది ఫోనులన్నిటికిని పంచును. దగ్గరనున్న ఫోనుకు బిట్లను వడిగా పంపగలదు. ఊరిచివర, తోటలలోనున్న ఫోనుకు మాట స్పష్టముగా చేరుటకై నెమ్మదిగా పంపవలయును. కావున ఒకే సినిమాను ఊరిచివర చూచువాడు టవరు కాలమును ఎక్కువ వాడుకొనును. అతని తప్పేమియు లేదు. టవరు అంత దూరమున పెట్టినవారిని అడుగవలసిన ప్రశ్న యిది.

తుపాను దినములలో ఈ లెక్కలన్నియు ప్రాణములమీదికి వచ్చును. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను మన తీరము వెంబడి ఉత్తరమునకు నడచి 5వ తేదీన బాపట్లవద్ద నేల తాకినది. అట్టి వేళ కరెంటు పోవును. కొన్ని టవరులు ఆగిపోవును. మిగిలిన టవరుమీద అందరి భారమును పడును. వరద బొమ్మలను తీసి పదిమందికి పంపవలెనని ప్రతివానికిని కుతూహలము పుట్టునదియు అప్పుడే. పడవ కావలెనని కోరువాని మాటయు ఆ వరుసలోనే నిలిచియుండును. తెలుగున 70 అక్షరముల సందేశమునకు కావలసినది 1,120 బిట్లు. మేలిబొమ్మ ఒక్క సెకను నడచు చోటున అట్టి సందేశములు 4,464 పట్టును.

హెచ్చరికల విషయమున ప్రభుత్వమువారు మరల పాతదారినే పట్టిరి. 2023లో దేశమున పలుచోట్ల ఫోనులు ఒక్కసారి వింతధ్వనితో మ్రోగి, తెరమీద పరీక్షాసందేశము కనబడుట మీలో కొందరికి జ్ఞాపకముండును. ఆ సందేశము ఫోనుఫోనునకు విడిగా వచ్చినది కాదు. టవరు దానిని ఒక్కమారు పలుకును. ఆ నీడలోనున్న ఫోనులన్నియు వినును. ఫోనులు పదియైనను పదివేలైనను బరువు ఒక్కటే. వరుసయు లేదు, చెరువును లేదు. ఆ ధ్వని మరల మ్రోగినప్పుడు దానిని ఆపివేయక చదువుడని మీ యింట పిన్నలకు చెప్పియుంచుడు. అది పని చేయుటకు ఫోనులో డేటా ఉండనక్కరలేదు.